మూడో నంబరు పంపు హౌస్

ఇల్లు, వంటగది గడప దగ్గర

ఒరే బుడ్డోడా,

ఇక మీదట ఫోన్ చెయ్యకు. కోపంతో అంటున్నాననుకోకు. కోపం వేరే ఉంది, అది కింద రాస్తాను. నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు గిన్నెలు తోముతున్నాను. తడిచేతులతోనే వచ్చి ఎత్తాను. "అమ్మా" అన్నావు. అంతే. పెద్దోడే అనుకున్నాను. డ్యూటీ దిగి, వచ్చేటప్పుడు ఏమైనా తేవాలా అని అడగటానికి చేశాడనుకున్నాను. నువ్వు "అమ్మా, నేనే" అని మళ్ళీ అన్నావు కానీ ఆ నేను ఎవరో నాకు అంతుపట్టలేదు. కోడలు వచ్చి ఫోన్ తీసుకుంది. ఆ పిల్ల కూడా చెవి దగ్గర పెట్టుకుని, ఒక్క మాట విని, తిరిగి నా చేతిలో పెట్టేసింది. పొయ్యి మీంచి దించిన గిన్నెలా దాన్ని అటూ ఇటూ మార్చుకున్నాం. చివరికి బల్ల మీద పెట్టాం. నువ్వు అందులో హలో హలో అంటూనే ఉన్నావు.

మీ అన్నదమ్ములిద్దరి గొంతూ ఒకటేనని మీ నాన్న ఉన్నప్పుడు నవ్వుకునేవాళ్ళం. గోడ అవతల నుంచి ఎవరు పిలిచినా ఇద్దరికీ కలిపి ఒకే జవాబు చెప్పేదాన్ని. ఇప్పుడు నా వల్ల కాదు. ఉత్తరం రాయి. నేను రెండో తరగతి దాకా చదివినదాన్ని, నీ రాత కోడి గెలికినట్టు ఉంటుంది. సరిపోతాం.

ఇక కోపం. మీ అన్న పోయిన మూడో రోజు పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయావు. వాకిట్లో ఇంకా అద్దె కుర్చీలు తీయలేదు. కుర్చీలవాడు వాటిని లెక్క పెట్టుకుంటుంటే వాడి పక్క నుంచే వెళ్ళావు. వచ్చిన ప్రతివాళ్ళూ తమ్ముడేడీ అని అడిగారు. పనుంది అన్నాను. ఏం పని అన్నారు. నాకేం తెలుసు. పెద్దోడి ఆఫీసువాళ్ళు పరాయివాళ్ళు, వాళ్ళు వంతులేసుకుని వారమంతా వచ్చి కూర్చున్నారు. వాళ్ళకి దొరికిన సెలవు సొంత తమ్ముడికి ఎందుకు దొరకలేదు?

ఇంకో సంగతి. ఉద్యోగంలో ఉండగా పోయాడు కాబట్టి ఇంట్లో ఒకరికి పని ఇస్తారట. కోడలు అర్జీ పెట్టింది. అదొక్కటి వస్తే మేమిద్దరం ఎవరి మొహం చూడకుండా బతుకుతాం.

వేళకి తింటున్నావా అని అడగను. కోపంలో ఉన్నాను.

మీ అమ్మ


కొత్త ప్లాంటు, పనివాళ్ళ గదులు, పై అంతస్తు

అమ్మా,

నీ ఉత్తరం చదవడానికి రెండు టీలు పట్టాయి. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. సరే, చదివాను.

సెలవు ఎందుకు దొరకలేదని అడిగావు. విను. మా కంపెనీలో సొంతవాళ్ళు పోతే మూడు రోజులు ఇస్తారు, అదీ జీతం కోసుకుని. సొంతవాళ్ళంటే అమ్మ, నాన్న, పెళ్ళాం, పిల్లలు. అన్నకి అందులో చోటు లేదు. మా మేనేజరు జాలిపడి అన్నని నాన్న కింద రాసుకున్నాడు. అంటే కంపెనీ లెక్కలో మన నాన్న ఇంకోసారి పోయాడు. మన ఊళ్ళో పని నుంచి నన్ను ఇక్కడికి మార్చారు కదా, నాలుగో రోజు ఈ కొత్త ప్లాంటులో చేరకపోతే పని వేరేవాడికి. గేటు బయట నాలాంటి వాళ్ళు నిలబడే ఉంటారు. ఇదీ నాకున్న పని. ఈసారి ఎవరైనా అడిగితే చెప్పు.

ఆ ఆఫీసువాళ్ళు వారం రోజులు కూర్చున్నారని పొగుడుతున్నావు. మంచివాళ్ళే, కాదనను. కానీ జీతం తీసుకుంటూ కూర్చున్నారమ్మా. అన్నకి ఊపిరి అందక పడుకుంటే ఏడాది పాటు సెలవు మీద సెలవిచ్చి జీతం ఇచ్చిన ఆఫీసు అది. నేనూ అన్నా నాన్న షెడ్డులో ఒకే మోటారు విప్పి, బిగించి పని నేర్చుకున్నాం. అన్నని గవర్నమెంటు నీళ్ళ ఆఫీసులో తీసుకున్నారు. ఆ తర్వాత మనుషుల్ని తీసుకోవడమే మానేశారు. ఒకే పని, ఒకే చెయ్యి, నాకు వచ్చేది అన్నకి వచ్చేదాంట్లో సగం. ఈ మాట వాడు బతికుండగా ఎన్నిసార్లు అన్నానో నీకు తెలుసు. వాడేమనేవాడో కూడా తెలుసు. "నాది ఎక్కువ కాదురా, నీది తక్కువ. నా మీద పడి ఏడవకు, వెళ్ళి మీ మేనేజరు మీద పడి ఏడువు" అనేవాడు.

నాకూ ఒక కోపం ఉంది. అన్న సెలవులు అయిపోయాక, జీతం ఆగిపోతుందని, చివరి రెండు నెలలు వాడి బదులు పంపు హౌస్‌లో కూర్చున్నది నేను. రాత్రి కంపెనీ, పగలు పంపు హౌస్. ఊరి చివర ఒక గది, ఒక మోటారు, ఒక ఫోను, ఒక మనిషి. ట్యాంకులో నీళ్ళు ఎన్ని అడుగులున్నాయో మధ్యమధ్యలో కంట్రోల్ రూంకి ఫోన్ చేసి చెప్పాలి. గొంతు ఒకటే కాబట్టి అవతల మనిషికి అనుమానం రాలేదు. ఇది మన నలుగురికీ తప్ప ఎవరికీ తెలీదు.

ఆ రోజు నేను వెళ్ళిన కాసేపటికే అన్న పోయాడని వదిన చెప్పింది. నాకు ఎప్పుడు తెలిసింది? మధ్యాహ్నం డ్యూటీ దిగి, ఇంటికొచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే తెలిసింది. వీధంతటికీ తెలిసింది, నాకు తెలీలేదు. పంపు హౌస్‌లో ఫోన్ ఉంది కదా. నాకెందుకు చెప్పలేదు? ముందు దీనికి జవాబు రాయి. నన్ను తిట్టడం తర్వాత.

నీ బుడ్డోడు


ఇల్లు, అదే గడప

బుడ్డోడా,

నువ్వడిగినదానికి జవాబు ఇప్పుడు రాయను. ఇక్కడ వేరే నిప్పు అంటుకుంది.

మొన్న కంట్రోల్ రూం బాబాయి వచ్చాడు. మీ అన్న ఆయన్ని ఎన్నడూ చూడకుండానే ఫోన్‌లో బాబాయి అని పిలిచేవాడు కదా, ఆయన. మన ఇల్లు చూడటం ఆయనకీ ఇదే మొదలు. పెద్దోడి ఫొటో ముందు నిలబడి, "ఇలా ఉంటాడా, సన్నగా ఉంటాడనుకున్నాను" అన్నాడు. తర్వాత కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆఖరి రోజు మధ్యాహ్నం కూడా నాతో మాట్లాడాడమ్మా. తొమ్మిదడుగులు బాబాయ్, మోటారు ఆపుతున్నా అన్నాడు. గొంతు ఖంగుమంది. అంత జబ్బు మనిషని తెలియనివ్వలేదు."

నేనూ కోడలూ నేల చూపులు చూశాం. ఆయన ఇదే మాట ఆఫీసులో అందరికీ చెప్పాడట. పోయినవాణ్ణి పొగుడుదామని చెప్పాడు పాపం. ఆఫీసరు దగ్గర మన వీధి డాక్టరు రాసిచ్చిన కాగితం ఉంది. అందులో పొద్దున పోయాడని ఉంది. ఇక చూడు. కోడల్ని పిలిచి, "మీ ఆయన పొద్దున్నే పోయి, మధ్యాహ్నం దాకా ఊరికి నీళ్ళు పంపించాడా? ఏది నిజమో తేల్చుకుని రండి. అప్పటిదాకా మీ అర్జీ కదలదు" అన్నాడట.

సాయంత్రానికి పెద్దోడి ఆఫీసు యూనియన్ ఆయన ఊడిపడ్డాడు. మనిషి పొట్టి, మాట మాత్రం ఇంట్లో కూడా మైకు ముందు మాట్లాడినట్టే.

"ఇందులో కొంపలేం మునగలేదమ్మా. డ్యూటీ దిగి, ఇంటికొచ్చి పడుకుని, సాయంత్రం పోయాడు అనండి. డాక్టరుతో మాట్లాడాను. తల్లి చెబితే దిద్దుతానన్నాడు. మీరొక్క సంతకం పెట్టండి, మీ కోడలికి ఉద్యోగం."

"నేను పెట్టను నాయనా."

"ఎందుకు?"

"వాడు పొద్దున పోయాడు."

"అది మాకూ తెలుసమ్మా."

"తెలిస్తే సాయంత్రం ఎలా పోతాడు?"

ఆయన కోడలి వైపు తిరిగి, ఈవిడ ఎప్పుడూ ఇంతేనా అన్నాడు. ఇంతే అంది కోడలు. ఆ పిల్ల అప్పటి నుంచీ నాతో మాట్లాడటం లేదు. కంచం పెడుతుంది, నీళ్ళు పెడుతుంది, పక్క గదిలోకి పోతుంది. తలుపు మాత్రం వేసుకోదు, పెద్దింటి పిల్ల.

నువ్వొచ్చి, ఆ ఫోన్‌లో మాట్లాడింది నేనే అని చెప్పు. నిజం చెబితే ఏం చేస్తారు, కొరుకుతారా?

మీ అమ్మ


కొత్త ప్లాంటు, పై అంతస్తు

అమ్మా,

కొరుకుతారు. ముందు నన్ను, తర్వాత వదినని. ఇంకోచోట పని చేశానని తెలిస్తే మా కంపెనీవాళ్ళు ఆ పూటే గేటు బయట నిలబెడతారు. తన కుర్చీలో వేరేవాణ్ణి కూర్చోబెట్టాడని తెలిస్తే అన్నని దొంగ అంటారు, వదిన అర్జీ బుట్టలో వేస్తారు. పోయినవాడి మీద ఆ మాట పడాలా? పొద్దున అని రాసినా సాయంత్రం అని రాసినా అన్న తిరిగొస్తాడా? యూనియన్ ఆయన చెప్పినట్టు విను. ఇన్నేళ్ళూ ఎవరి మాట విన్నావు గనక, కనీసం ఈ ఒక్కటి విను.

నీకు చెప్పని సంగతి ఒకటి రాస్తాను. మొదటి రోజు ఆ పంపు హౌస్‌లో అడుగు పెట్టగానే నాకు ఒళ్ళు మండింది. కిటికీ పక్కన కుర్చీ, కుర్చీలో మెత్తటి దిండు. టీ కాచుకోవడానికి స్టవ్వు. మా కంపెనీలో రాత్రంతా నిలబడి పాదాలు బూట్లలో పట్టవు. ఎక్కడైనా ఆనుకుంటే సూపర్‌వైజరు దగ్గుతాడు. ఇక్కడ వీడు దిండు మీద కూర్చుని నాకు రెండింతలు తీసుకుంటున్నాడా అనుకున్నాను. జబ్బుతో పడున్నవాణ్ణి పట్టుకుని అలా అనుకున్నాను.

తర్వాత ఒక రోజు కరెంటు పోయింది. కాసేపటికి ఆడవాళ్ళు బకెట్లతో వచ్చి తలుపు బాదారు. మా కంపెనీలో మోటారు ఆగితే గుడ్డకి రంగు ఎక్కదు, అంతే. ఇక్కడ ఆగితే జనం ఇంటిపేరుతో సహా తిడతారు. ఒకావిడ, "మేం కట్టే పన్నులతో జీతం తీసుకుంటూ నిద్రపోతున్నావా" అంది. రాత్రంతా కంపెనీలో చేసి వచ్చానమ్మా నేను. నిజంగానే నిద్రపోతున్నాను. ఏం చెప్పను ఆవిడకి?

ఏ పని కష్టమంటే ఇప్పటికీ చెప్పలేను. అక్కడ తిట్లు, ఇక్కడ భయం. అన్నకి ఎక్కువిస్తున్నారని మాత్రం ఇక నోరెత్తను. ఆ జీతంతోనే కదా ఏడాది మందులు కొన్నాం. ఆ జబ్బు నాకొస్తే నెల తిరక్కుండానే నా మంచం ఇంకొకడికి ఇచ్చేస్తారు.

సాయంత్రం అని సంతకం పెట్టు. నేనడిగినదానికి ఇంకా జవాబు రాలేదు. మర్చిపోయాననుకుంటున్నావేమో, మర్చిపోలేదు.

నీ బుడ్డోడు


ఇల్లు, పెద్దోడి మంచం మీద కూర్చుని

బుడ్డోడా,

ఆ దిండు గవర్నమెంటు ఇచ్చింది కాదు. నేను కుట్టింది. చెక్క కుర్చీలో కూర్చుని నడుం పట్టేసిందంటే, మీ నాన్న పాత చొక్కాలు చింపి దూది పెట్టి కుట్టాను. నువ్వు రెండు నెలలు మీ నాన్న చొక్కాల మీద కూర్చుని మీ అన్న మీద మండిపడ్డావు. కంపెనీలో నడుం నొప్పి అని నువ్వొక్కసారి చెప్పి ఉంటే నీకూ కుట్టేదాన్ని. అక్కడ దాన్ని ఉంచనిచ్చేవాళ్ళో లేదో నాకు తెలీదు.

ఇక జవాబు. ఆ రోజు నీకు ఫోన్ చేశాను.

పెద్దోడు పొద్దున లేచి కూర్చుంటానన్నాడు. వెనక నేను కూర్చుని నా మీదికి ఆనించుకున్నాను. తమ్ముడు వెళ్ళాడా అని అడిగాడు. వెళ్ళాడన్నాను. టిఫిన్ తిన్నాడా అన్నాడు. తిన్నాడన్నాను, నువ్వు తినలేదు, అయినా అన్నాను. ఆ తర్వాత బరువెక్కాడు. నిద్ర అనుకున్నాను. కోడలు వచ్చి చూసి కేక పెట్టాక తెలిసింది. ఆ పిల్ల డాక్టరు కోసం పరిగెత్తింది. నేను కదల్లేదు. వాణ్ణి అలాగే ఆనించుకుని, పక్కనున్న ఫోన్ అందుకుని, పంపు హౌస్‌కి చేశాను.

నువ్వు ఎత్తావు. నేను ఒక్క మాట అనేలోపే, కంట్రోల్ రూం అనుకున్నావేమో, "మూడో నంబరు. తొమ్మిదడుగులు. మోటారు బాగుంది" అన్నావు. వాడి గొంతు. వాడు సాగదీసే సాగదీతతో సహా. నా ఒళ్ళో వాడు, చెవిలో వాడు. ఒళ్ళో ఉన్నవాడు పోయాడు, అక్కడున్నవాడు డ్యూటీలో ఉన్నాడు, వాడికేం కాలేదు, మోటారు బాగుంది. నేను చెబితే ఆ రెండోవాడు కూడా పోతాడు. పెట్టేశాను. మధ్యాహ్నం దాకా అటు పక్క వాణ్ణి బతికించుకున్నాను. నిన్ను తలుచుకోలేదు, ఉన్నమాట చెబుతున్నాను. నువ్వెవరో కూడా ఆ పూట నాకు గుర్తు లేదు.

అందుకే సంతకం పెట్టలేను రా. ఒకసారి అలా చేసి చూశాను. నువ్వు గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే వాడు రెండోసారి పోయాడు. ఇప్పుడు కాగితం మీద సాయంత్రం దాకా బతికించమంటున్నారు. మళ్ళీ ఇంకోసారి పోతాడు. కోడలి మీద ప్రేమ లేక కాదు. ఆ పిల్లకి ఇదంతా చెప్పాను. విని, "అయితే వద్దులే అత్తయ్యా" అంది. ఉద్యోగం రాకపోయినా పర్లేదు అన్నట్టు కాదు, అలసిపోయి అంది.

నువ్వు రావాలో వద్దో నువ్వే చూసుకో. ఇక చెప్పను.

మీ అమ్మ


బస్టాండు బెంచీ, బస్సు కోసం చూస్తూ

అమ్మా,

చెప్పేశాను.

పొద్దున బస్సు దిగి నేరుగా మన ఊరి నీళ్ళ ఆఫీసుకే వెళ్ళాను. ముందు కంట్రోల్ రూంకి పోయి, గుమ్మం బయట నిలబడి, "తొమ్మిదడుగులు బాబాయ్" అన్నాను. ఆయన వెనక్కి తిరగడానికి భయపడ్డాడు. తిరిగి నన్ను చూసి, "సన్నగా ఉండేది నువ్వా" అన్నాడు. అంతే. తర్వాత ఆయనే నన్ను ఆఫీసరు గదిలోకి తీసుకెళ్ళాడు.

ఆఫీసరుకి అంతా చెప్పాను. అన్న అడగలేదు, నేనే బలవంతం చేశానని చెప్పాను. అది కూడా నిజమే, నీకు తెలుసు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. పెన్ను కింద పెట్టి, "రెండు నెలలు నువ్వే నడిపావా?" అన్నాడు. అవునన్నాను. "ఏ తేడా రాలేదా?" కరెంటు పోయిన రోజు తప్ప లేదన్నాను. "మీ కంపెనీలో నీకెంత ఇస్తారు?" చెప్పాను. అప్పుడు పక్క గదిలోంచి ఇంకొకాయన్ని పిలిచి, "ఈ అబ్బాయి చెప్పేది వినండి" అన్నాడు. నా చేత మళ్ళీ చెప్పించారు. జీతం సంగతి మరీ మరీ అడిగారు. నాకు వాళ్ళ వాలకం అర్థం కాలేదు. కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. తప్పు చేసి వచ్చినవాడికి టీ ఎందుకు?

ఇంటికి రాలేదని తిడతావు. రాత్రి షిఫ్టు ఉంది. అది ఒక్కటే కాదు. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని గుమ్మంలోకి వచ్చి చెప్పులు విప్పడం నా వల్ల కాలేదు.

బస్సు వచ్చింది.

బుడ్డోడు


ఇల్లు, వంటగది

బుడ్డోడా,

ఊళ్ళోకి వచ్చి ఇంటికి రానివాణ్ణి ఏమనాలో నాకు మాట దొరకలేదు. దొరికాక చెబుతాను.

టీ ఎందుకిచ్చారో ఇప్పుడు తెలిసింది. కోడలి అర్జీ కదిలింది. నువ్వు నడిపిన రెండు నెలల జీతం కోసేసుకుని, ఆఫీసులో అటెండరు పని ఇచ్చారు. అంతవరకు బాగానే ఉంది. ఆ మరుసటి వారమే ఇంకో ఆర్డరు వచ్చింది. మూడో నంబరుతో మొదలుపెట్టి పంపు హౌసులన్నీ కంట్రాక్టరుకి ఇచ్చేస్తున్నారట. ఉన్నవాళ్ళని తలో దిక్కుకీ మారుస్తారట. ఎందుకయ్యా అంటే, ప్రైవేటు మనిషి సగం జీతానికి రెండు నెలలు నడిపినా ఎవరూ కనిపెట్టలేదు కదా అంటున్నారట. నిన్నే చూపిస్తున్నారు రా.

కోడలు చేరిన రోజు నేనూ వెంట వెళ్ళాను. ఆఫీసరు నాకు కుర్చీ వేయించాడు. నేను కూర్చోలేదు.

"మా వాడు చేసిన పనికి మీరేమిచ్చారయ్యా?" అన్నాను.

"అంటే?"

"ఆ రెండు నెలలు వాడికి మీరు ఒక్క పైసా ఇవ్వలేదు. ఇచ్చింది పెద్దోడికి, అదీ కోసేసుకున్నారు. వాడు రాత్రి కంపెనీలో కూలికి చేసి, పగలు అన్న కోసం ఊరికే చేశాడు. ఊరికే చేసినవాణ్ణి చూపించి ఈ పని ఇంతకే వస్తుందంటే ఎలా? పెళ్ళయినప్పటి నుంచి నేనూ ఊరికే వండుతున్నాను. రేపు నన్ను చూపించి వంటవాళ్ళందరి జీతాలూ తగ్గిస్తారా?"

ఆయన నవ్వాడు. నవ్వి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, పైవాళ్ళకి నా జీతం కూడా ఎక్కువగానే కనపడుతోంది. నేనెవరితో చెప్పుకోను?" అన్నాడు. చెడ్డవాడు కాదు. అదే నాకు ఇంకా చిరాకు. చెడ్డవాడైతే తిట్టి వచ్చేదాన్ని.

యూనియన్ ఆయన వీధిలోనే మొదలుపెట్టాడు. "నిజం నిజం అన్నావు, ఏం సాధించావమ్మా? పంపు హౌసుల్లో ఉన్నవాళ్ళందరి నోట్లో మట్టి కొట్టావు." లోపలికి పిలిచి టీ ఇచ్చాను. తిడుతూనే తాగాడు. వెళ్ళేటప్పుడు, "మా చిన్నవాడికి కూడా మా పెద్దవాడంత ఇచ్చుంటే ఈ గొడవే లేదు" అన్నాను. గుమ్మంలో ఆగి, "ఆ ముక్క మేం ఏనాడూ అడగలేదు" అన్నాడు, మైకు లేని గొంతుతో.

వీధిలో ఆయన మనుషుల ఇళ్ళవాళ్ళు నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నారు. కోడలు మాత్రం మాట్లాడుతోంది. పొద్దున్న వెళ్ళేటప్పుడు, ఏం వండిపెట్టి వెళ్ళను అత్తయ్యా అని అడిగింది.

మీ అమ్మ


కొత్త ప్లాంటు, పై అంతస్తు, సంచీ సర్దుకుంటూ

అమ్మా,

మా కంపెనీకి తెలిసింది. నిన్న గేటు దగ్గర ఆపి, లోపలికి వెళ్ళి బట్టలు తెచ్చుకో అన్నారు. ఈ గది ఈ వారం చివరి దాకా.

సాయంత్రం ఒకాయన ఫోన్ చేశాడు. మన ఊరి పంపు హౌసులు తీసుకున్న కంట్రాక్టరట. "మూడో నంబరు నీకు అలవాటే కదా, వచ్చి కూర్చో" అన్నాడు. జీతం కంపెనీలో ఇచ్చినంత. సెలవులు అడిగితే, "పనిలోకి రాని రోజు జీతం రాదు, అంతకన్నా సెలవేముంటుంది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలీటం లేదు. నన్ను చూపించే ఆ పనిని సగానికి దించారు. ఆ సగానికి మళ్ళీ నన్నే రమ్మంటున్నారు. వస్తే యూనియన్ వాళ్ళు ఉమ్మేస్తారు. రాకపోతే ఎక్కడికి పోవాలి? ఇన్నేళ్ళూ అన్న కుర్చీ కోసం ఏడ్చాను. ఇప్పుడు కుర్చీ ఇస్తున్నారు, అన్న జీతం లేకుండా, అన్న లేకుండా.

అప్పుడు అన్నలా కూర్చున్నాను, భయం వేయలేదు. ఇప్పుడు నాలా కూర్చోవాలంటే భయంగా ఉంది. నువ్వు చెప్పు. నేను రానా, వద్దా?

బుడ్డోడు


ఇల్లు, గడప దగ్గర

నా బుడ్డోడా,

రా.

వచ్చి కూర్చో. ఇంకొకడు కూర్చుని ఆ కిటికీలోంచి చూస్తే నాకు నచ్చదు. సగం జీతం అన్నాడని సగం పని చెయ్యకు, నీళ్ళకోసం బకెట్లు పట్టుకుని నిలబడేవాళ్ళకి ఈ గొడవలు తెలీవు. కానీ చేరిన రోజే కంట్రాక్టరుని అడుగు, మా అన్నకి ఇచ్చింది నాకూ ఇమ్మని. ఇవ్వడు. నెల తర్వాత మళ్ళీ అడుగు. యూనియన్ ఆయన ఉమ్మడు. నిన్న వచ్చి, కంట్రాక్టరు మనుషుల్ని కూడా కలుపుకుంటాం, మీ వాణ్ణి మా దగ్గరికి పంపించు అన్నాడు. ఇప్పటికి తెల్లారింది ఆయనకి. వెళ్ళు. కాస్త తిడతాడు, టీ తాగించు, తిట్లు తగ్గుతాయి.

కుర్చీలోంచి దిండు తీసి బయట పారేశారట. కోడలు ఆఫీసు నుంచి వస్తూ దారిలో దిగి తెచ్చింది. ఎండలో వేశాను. దూది ఒక పక్కకి పోయింది, మళ్ళీ కుడుతున్నాను. ఈసారి మీ నాన్న చొక్కాల మీద పెద్దోడి చొక్కా కూడా ఒకటి వేశాను. అది నీది. పట్టుకెళ్ళు. ఎవడైనా తీసేస్తే నాకు చెప్పు.

నువ్వు చేరిన రోజు పొద్దున నేను పంపు హౌస్‌కి ఫోన్ చేస్తాను. ఇన్ని నెలలు చేయొద్దన్నది నేనే, చేసేదీ నేనే. భయంగానే ఉంది. నువ్వు ఎత్తగానే మూడో నంబరు అనకు. అడుగులు చెప్పకు. ఎవరో ఏమో అని చూడకు, "బుడ్డోణ్ణమ్మా" అను. పక్కన ఎవరున్నా సరే, నవ్వితే నవ్వనీ. కంట్రోల్ రూం బాబాయి చేస్తే ఆయన కూడా ఇదే మాట వింటాడు, విననీ, ఏం కాదు. గొంతు ఎవరిదైనా మాట నీదై ఉంటే నేను గుర్తుపడతాను. ఈసారి పెట్టెయ్యను.

ఆ గదిలో ఉన్న ఈ నాలుగు రోజులూ డబ్బు మిగుల్చుకుందామని పస్తుండకు. వేళకి కడుపునిండా తిను.

మీ అమ్మ